జీతం ఆరింతలైంది, కానుక సంచిలో వేసేది మాత్రం పెరగలేదు

మియాపూర్ బ్రదర్:
అందరికీ వందనాలు. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. మా సంఘంలో ఎవరితోనూ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను.

గత నెల ఇల్లు సర్దుతుంటే నా పాత డైరీ దొరికింది. 2014లో హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం, అమీర్‌పేటలో హాస్టల్, చేతికి వచ్చేది 22,000. ప్రతి నెలా పేజీ పైన ‘దశమభాగం 2,200’ అని రాసి, కింద గీత గీసి, ఆ తర్వాతే మిగతా ఖర్చులు రాసుకునేవాణ్ణి. ఒక నెల ‘చెప్పులు వచ్చే నెల’ అని కూడా రాసి ఉంది. ఇప్పుడు చేతికి 1,35,000 వస్తోంది. ఆదివారం కానుక సంచి దగ్గరికి రాగానే జేబులోంచి ఒక 500 నోటు తీసి వేస్తాను. నెలకు రెండు వేలు. జీతం ఆరింతలైతే ఇచ్చేది రెండు వందలు తగ్గింది. తగ్గించాలని నేనేమీ కూర్చుని నిర్ణయించుకోలేదు. ఏ నెలలో తగ్గిందో కూడా గుర్తు లేదు.

ఇంకో సంగతి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ జూన్‌లో కూతురి ఇంటర్ ఫీజుకు 15,000 కావాలని అడిగారు. ‘చూద్దాం’ అన్నాను. ఆ క్షణంలో నా ఫోన్‌లో కొల్లూరు వైపు రెండో ఫ్లాట్ ప్లాన్ తెరిచి ఉంది. ఆయన మళ్లీ అడగలేదు. గేటు తీసేటప్పుడు నమస్తే మాత్రం ఎప్పటిలాగే పెడుతున్నారు. నాలుగు నెలలుగా ఆ నమస్తే నాకు గుచ్చుకుంటోంది.

ఉన్న ఇంటికి 52,000 ఈఎంఐ, ఇద్దరు పిల్లల ఫీజులు, ఊళ్లో అమ్మానాన్నల మందులు. ఉద్యోగం ఎప్పుడు పోతుందో అని టెన్షన్. దాచుకోవడం తప్పా? నాకు పట్టింది జాగ్రత్తా, ధనాపేక్షా? ఈ రెండింటికీ తేడా ఎలా తెలుసుకోవాలి?

ఒంగోలు మనవరాలు:
అన్నా, మీ పోస్టు చదవగానే మా అమ్మమ్మ బియ్యం డబ్బా గుర్తొచ్చింది. ఆవిడ పొగాకు బేళ్ల దగ్గర కూలికి వెళ్లేది. సాయంత్రం బియ్యం కొలిచి కడగబోయే ముందు ఒక గుప్పెడు తీసి పక్కనున్న రేకు డబ్బాలో వేసేది. అది దేవుని గుప్పెడు. ఆదివారం ఆ బియ్యం కొంగులో మూటగట్టుకుని గుడికి తీసుకెళ్లేది. అక్కడ అందరి మూటలూ ఒక గోనెసంచిలో పోసేవారు. అవి ఆ వారం ఏ విధవరాలి ఇంటికి వెళ్లాలో, జ్వరంతో పనికి పోలేని ఏ ఇంటికి వెళ్లాలో స్త్రీల సమాజం వాళ్లు చూసుకునేవారు.

ఇది మా ఊళ్లోనే అనుకునేదాన్ని. మిజోరంలో ‘బుహ్‌ఫై థామ్’ పేరుతో నూరేళ్లకు పైగా ఇదే జరుగుతోందని పెద్దయ్యాక తెలిసింది. అన్నం వండిన ప్రతిసారీ గుప్పెడు తీసి పెడతారు. సంఘం దాన్ని పోగుచేసి అమ్మి, ఆ డబ్బుతో సువార్త సేవకుల్ని పంపుతుంది.

మా అమ్మమ్మ తీసింది మిగిలిన బియ్యంలోంచి కాదు, వండబోయే బియ్యంలోంచి. మీ డైరీలో గీత పైన రాసుకున్న 2,200 కూడా అదే. ఇప్పుడు ఆ గీత కిందికి జారింది, అంతే అనిపిస్తోంది నాకు.

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
నాయనా, ముందు ఒక మాట. దాచుకోవడం పాపం కాదు. యోసేపు ఏడేళ్లు ధాన్యం కూడబెట్టాడు కాబట్టే ఐగుప్తు బతికింది. పిల్లల ఫీజులకు, ఆసుపత్రికి కొంత పక్కన పెట్టుకోవడం అవిశ్వాసం అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. స్వకీయుల్ని, ముఖ్యంగా తన ఇంటివారిని సంరక్షించనివాడు విశ్వాసాన్ని వదులుకున్నట్టే అని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది. నువ్వడిగిన ధనాపేక్ష మాట ఉన్నదీ ఆ పత్రికలోనే.

అయితే లూకా 12లో ధనవంతుడి కథ చూడు. పంట బాగా పండింది. అందులో తప్పేమీ లేదు. కొట్లు సరిపోలేదు, పెద్దవి కడతానన్నాడు. ఆ నాలుగు వాక్యాల్లో ‘నా పంట, నా కొట్లు, నా ఆస్తి, నా ప్రాణమా’ అంటూ అన్నీ ‘నా’లే. పక్కింటివాడు గానీ, ఆ పంట కోసిన కూలివాడు గానీ ఎక్కడా కనిపించడు.

తేడా ఎలా తెలుస్తుందని అడిగావు. నాకు లెక్కలు తెలుసు గనక లెక్కే చెబుతాను. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ తన ప్రసంగంలో ఆక్స్‌ఫర్డ్‌లోని ఒక యువకుడి సంగతి చెబుతాడు. అది ఆయన సొంత కథే అని చాలామంది అభిప్రాయం. ఆ యువకుడికి మొదటి ఏడాది 30 పౌన్లు వచ్చాయి. 28తో బతికి 2 పౌన్లు ఇచ్చేశాడు. మరుసటి ఏడాది 60 వచ్చాయి. మళ్లీ 28తోనే బతికి 32 ఇచ్చాడు. మూడో ఏడాది 90 వస్తే 62, నాలుగో ఏడాది 120 వస్తే 92. ఆదాయం నాలుగింతలైంది, ఇంటిఖర్చు కదల్లేదు.

నువ్వు 28 దగ్గరే ఆగాలని నేను అనను. అతనికి పిల్లల ఫీజులు లేవు, ఈఎంఐ లేదు. కానీ నీకూ ఒక ‘28’ ఉందా? ‘మా ఇంటికి ఇంత చాలు’ అని నువ్వూ మీ ఆవిడా కలిసి ఎప్పుడైనా కాగితం మీద రాసుకున్నారా? ఆ అంకె లేకపోతే ఏ జీతమూ చాలదు. నేను 38 ఏళ్లు ఉద్యోగం చేశాను. ప్రతి పే రివిజన్‌కూ చుట్టూ ఉన్నవాళ్లలోనూ నాలోనూ ఇదే చూశాను.

కువైట్ డ్రైవర్:
ప్రైజ్ ది లార్డ్ అన్నలారా. మాది కడప జిల్లా. నాలుగేళ్లు చేసి వెళ్లిపోదామని వచ్చాను. పధ్నాలుగేళ్లయింది. మొదట రేకుల ఇంటికి స్లాబు వేస్తే చాలనుకున్నాను. అది అయ్యాక పైఅంతస్తు. అది అయ్యాక రోడ్డు పక్కన స్థలం. ‘ఈ ఒక్కటీ అయిపోతే వచ్చేస్తా’ అని మా ఆవిడకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నేను వచ్చేనాటికి మా చిన్నదానికి నడక రాలేదు. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. వీడియో కాల్‌లో మూడంతస్తుల ఇల్లు చూపిస్తారు. అందులో ఉండేది ఇద్దరే.

ఇక్కడ శుక్రవారం సెలవు కాబట్టి ఆరాధన ఆ రోజే. మా తెలుగు కూటంలో అందరం డ్రైవర్లం, ఇళ్లల్లో పనిచేసే అక్కలు, వంటవాళ్లు. రెండేళ్ల క్రితం మాలో ఒక తమ్ముడు గుండెపోటుతో పోయాడు. ఇంటికి డబ్బు పంపాలంటే చందా ఎత్తాం. ఒక అక్క, రెండు నెలలుగా జీతం అందని మనిషి, ఐదు దినార్లు తెచ్చి ఇచ్చింది. ఎవరి దగ్గరో అప్పు తెచ్చింది. వద్దన్నా వినలేదు. ఆ రోజు నా ఖాతాలో స్థలం రెండో వాయిదా డబ్బు ఉంది. నేను ఇచ్చింది పది దినార్లు. కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలి గురించి ఎన్నోసార్లు విన్నాను. ఆవిణ్ణి కళ్లతో చూసింది మాత్రం ఆ రోజే.

మార్చిలో ఊరికి వచ్చేస్తున్నాను. స్థలం వద్దని చెప్పేశాను. అడ్వాన్సు కొంత పోయింది, పోనీ.

పాస్టర్ గారి అమ్మాయి:
కువైట్ అన్నా, మీ పోస్టు చదివి ఏడుపొచ్చింది.

నేను ఇంకో వైపు నుంచి చెప్పాలి. మా నాన్నగారు పల్లె సంఘంలో ముప్పై ఏళ్లు సేవ చేశారు. మాకు ‘తృప్తి’ అనే మాట చాలా బాగా తెలుసు, ఎందుకంటే అది ఎప్పుడూ మాకే చెప్పేవారు. జీతం పెంచమని అడిగితే ‘అయ్యగారూ, అన్నవస్త్రములు గలవారమై తృప్తిపొందుదము అని వాక్యం కదా’ అన్న పెద్దమనిషికి ఊళ్లో రెండు రైస్ మిల్లులు ఉండేవి. పదో తరగతి పరీక్షలకు నేను మా అక్క పాత చెప్పులు వేసుకుని వెళ్లాను. దాని గురించి నాకు బాధ లేదు. ఆ వాక్యాన్ని ఆయన మా మీద వాడినందుకే బాధ.

తృప్తి గురించిన వాక్యం నా కోసం చదువుకోవాలి. దాతృత్వం గురించిన వాక్యం పక్కవాడి కోసం చదువుకోవాలి. తారుమారు చేస్తే రెండూ పాడవుతాయి.

చర్చికి రాని అన్న:
నేను విశ్వాసిని కాను, మా ఆవిడ విశ్వాసి. చెల్లెమ్మ చెప్పిందే నా అనుమానం కూడా. ‘ఉన్నదాంతో సర్దుకో’ అని చెప్పే మతం కూలివాడి నోరు మూయించడానికి పనికొస్తుంది కదా? నిజంగానే తెలుసుకుందామని అడుగుతున్నాను.

బైబిల్ కాలేజీ విద్యార్థి:
మంచి ప్రశ్న అన్నా. యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఒకసారి చూడండి. చేలు కోసిన పనివాళ్లకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొఱ్ఱ పెడుతోందనీ, ఆ కేక సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవుల్లో పడిందనీ రాసి ఉంది. కూలివాణ్ణి సర్దుకోమని అక్కడ లేదు, ధనవంతుణ్ణే ఏడవమని ఉంది. బాప్తిస్మమిచ్చు యోహాను తమ జీతాలతో తృప్తి పొందమని చెప్పిన మాట ఒకటుంది, నిజమే. అది చెప్పింది ఎవరికి? జనాన్ని బెదిరించి డబ్బు గుంజే సైనికులకు. జీతం ఎగ్గొట్టబడిన కూలీలకు కాదు.

ఇంకో సంగతి. తిమోతి పత్రికలో ‘సంతుష్టి సహితమైన దైవభక్తి గొప్ప లాభసాధనము’ అన్నచోట సంతుష్టికి గ్రీకులో వాడింది ‘అవుటార్కెయా’. అది స్తోయికులనే గ్రీకు తత్వవేత్తలకు ఇష్టమైన మాట. ఎవరి మీదా ఆధారపడకుండా తనకు తానే చాలినవాడై ఉండటం వాళ్ల ఆదర్శం. పౌలు ఆ మాటే తీసుకుని దాని వేరు మార్చాడు. ఫిలిప్పీ పత్రిక బంధకాల్లో ఉండి రాస్తూ, ఏ స్థితిలో ఉన్నా సంతృప్తి కలిగి ఉండటం ‘నేర్చుకొని యున్నాను’ అంటాడు. ఆ వెంటనే వచ్చేదే ‘నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను’ అన్న వాక్యం. మనం దాన్ని పరీక్షల ముందు, ఇంటర్వ్యూల ముందు గోడకు అంటించుకుంటాం. అక్కడ మాత్రం అది ఆకలి గురించి, సమృద్ధి గురించి. ఆకలిగా ఉన్నప్పుడు ఎలా ఉండాలో నేర్చుకోవాలని మనకు తెలుసు. కడుపు నిండినప్పుడు ఎలా ఉండాలో కూడా నేర్చుకోవాలట. మియాపూర్ అన్న అడుగుతున్నది ఆ రెండోదే.

పైగా ఆ ఉత్తరం రాయడానికి ఒక కారణం ఫిలిప్పీవాళ్లు ఎపఫ్రొదితు చేత డబ్బు పంపడం. ఫిలిప్పీ ఉన్నది మాసిదోనియలో. ఆ మాసిదోనియ సంఘాలు నిరుపేదవని కొరింథీ రెండో పత్రికలో ఉంది. తృప్తి గురించి మనకున్న గొప్ప మాట, పేదలు పంపిన కానుకకు కృతజ్ఞతగా రాసిన ఉత్తరంలో దొరికింది.

చర్చికి రాని అన్న:
యాకోబు పత్రిక సంగతి నాకు తెలియదు తమ్ముడూ. రాత్రి మా ఆవిణ్ణి అడిగి చదివించుకుంటాను.

కోనసీమ నుంచి:
ఇవ్వడం గురించి ఇంత మంచిగా మాట్లాడుకుంటున్నారు, కానీ మా ఇంట్లో జరిగింది కూడా వినండి. ఐదేళ్ల క్రితం పెద్ద మీటింగులు పెట్టారు. వేదిక మీద ఒక ప్రసంగీకుడు ‘విశ్వాస విత్తనం వేయండి, నూరంతలు కోస్తారు, ఈ రాత్రి దాటితే ఈ అభిషేకం ఉండదు’ అన్నారు. నాన్నకు అప్పుడు కిడ్నీ జబ్బు. అమ్మ చెవికమ్మలు తీసి ఇచ్చేసింది. నాన్న ఆ ఏడాదే పోయారు. ‘నా విశ్వాసం చాలలేదేమో’ అని అమ్మ ఇప్పటికీ అంటుంది. కమ్మలు పోతే పోయాయి, ఆ మాట మాత్రం నేను వినలేకపోతున్నాను.

ఆ ప్రసంగీకుడి పేరు...

నిర్వాహకులు:
పేరు ఉన్న వాక్యం తీసేశాం, క్షమించండి. మీ బాధను కాదనడం లేదు. ఇక్కడ వ్యక్తుల పేర్లు వద్దన్నది మొదటి నుంచీ ఉన్న నియమం. చర్చ కొనసాగించండి.

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
కోనసీమ తల్లీ, మీ అమ్మగారికి నా మాటగా చెప్పు. ఆమె విశ్వాసం తక్కువ కాలేదు. భర్త ప్రాణం కోసం ఒంటిమీద బంగారం తీసి ఇచ్చిన మనిషి ఆమె. తప్పు ఆ ప్రేమను బేరం పెట్టినవాడిది. దైవభక్తిని లాభసాధనం అనుకునేవాళ్ల గురించి పౌలు తిమోతి పత్రికలో, సంతుష్టి మాట ఉన్న అదే అధ్యాయంలో, ధనాపేక్ష మాట రాకముందే రాశాడు. ధనాపేక్ష బీరువాలోనే కాదు, వేదిక మీద కూడా ఉంటుంది.

జార్జ్ ముల్లర్ పేరు వినే ఉంటారు. బ్రిస్టల్‌లో 1836లో అనాథల ఇల్లు మొదలుపెట్టి, 1898లో చనిపోయేనాటికి పదివేల మందికి పైగా పిల్లల్ని సాకాడు. అవసరం ఇదీ అని ఏ మనిషినీ అడగలేదు. వచ్చిన డబ్బుకు మాత్రం ఏటా లెక్క అచ్చువేసి జనం ముందు పెట్టాడు. మన హైదరాబాద్‌లో భక్తసింగ్ గారు హెబ్రోను సంఘం మొదలుపెట్టినప్పుడూ అదే పద్ధతి. జీతం లేదు, చందాల విజ్ఞప్తి లేదు. ఎవరైనా ‘దేవుడి పేరున ఇవ్వు’ అంటే లెక్క అడగండి. లెక్క అడగడం అవిశ్వాసం కాదు.

ఒంగోలు మనవరాలు:
మా జిల్లా సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. 1876-78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ డాక్టర్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి పని చూపించారు. కూలి దొరికేది, గంజి దొరికేది. జనం బాప్తిస్మం ఇమ్మని వెంటపడ్డారు. సహాయం నడుస్తున్నంత కాలం ఆయన ఇవ్వలేదు. డబ్బు కోసం, తిండి కోసం ఎవరూ క్రీస్తు పేరు పెట్టుకోకూడదని. సహాయం ముగిశాకే మొదలుపెట్టారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ అంకె చెప్పుకుంటారు. నాకు మాత్రం ఆయన ఆగిన ఆ నెలలే ఎక్కువ గుర్తుంటాయి. ఇచ్చే చెయ్యి బదులు ఏమీ అడగకూడదు.

డోర్నకల్ పెద్దమ్మ:
మా డోర్నకల్‌లో అజరయ్య గారి పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఆయన సంఘంలో ఎక్కువమంది భూమి లేని మాల మాదిగ కుటుంబాలు. వీళ్లు పేదలు, వీళ్లనేం అడుగుతాం అని ఆయన అనుకోలేదు. పేదవాడికి కూడా ఇచ్చే గౌరవం ఉండాలి అన్నారు. కోత పండుగకు జనం ధాన్యం, కోడి, గుమ్మడికాయ, ఏది ఉంటే అది తెచ్చేవారు. నా చిన్నప్పుడు కూడా తెచ్చేవాళ్లం. మేము తెచ్చిన కోడిని గుడి బయట వేలం వేస్తే మా నాన్నే ఎక్కువ పాడి మళ్లీ ఇంటికి తెచ్చుకున్నాడు. డబ్బు గుడికి, కోడి మాకు. ఆ రోజు మా నాన్న ముఖం ఎంత వెలిగిపోయిందో.

సరే, మియాపూర్ అబ్బాయీ, నిన్ను ఒకటి అడగాలి. ఇంత రాశావు, మీ ఆవిడతో మాట్లాడావా? ఆవిడకు తెలియకుండా పెద్ద మొత్తం ఇచ్చేసి దేవుడికిచ్చాను అనకు. అమ్మానాన్నకు పెట్టాల్సింది ‘కొర్బాను’, అంటే దేవుడికి అర్పించేశాం అని దేవుడి పేరు చెప్పి తప్పించుకున్నవాళ్లను ప్రభువే గద్దించాడు. ముందు ఇంట్లో మాట్లాడుకోండి. వాచ్‌మన్ దగ్గరికి మాత్రం ఆలస్యం చేయకు నాయనా.

మియాపూర్ బ్రదర్:
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. అందరికీ ధన్యవాదాలు అనే మాట చాలదు.

పెద్దమ్మ చెప్పినట్టే ముందు మా ఆవిడతో కూర్చున్నాను. డైరీ చూపించాను. తను కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: ‘రెండో ఫ్లాట్ నేనెప్పుడూ అడగలేదు. మీకు భయం తగ్గుతుందేమో అని ఊరుకున్నాను.’ ఇన్నాళ్లూ అది పిల్లల కోసం అని చెప్పుకున్నాను. మాస్టారు అడిగిన ‘28’ రాసుకోవడానికి మూడు రాత్రులు పట్టింది. రెండుసార్లు పోట్లాడుకున్నాం కూడా. మా అమ్మానాన్నల మందులు, వాళ్ల అమ్మగారి మందులు, ఆరు నెలల ఇంటిఖర్చు పక్కన పెట్టడం ఇవన్నీ లోపలే వేసుకున్నాం. ఫ్లాట్ తీసేశాం. మళ్లీ పేజీ పైన దశమభాగం రాసి కింద గీత గీశాను.

వాచ్‌మన్ దగ్గరికి వెళ్లాను. ఆలస్యమే అయింది. జూన్‌లోనే ఆయన నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి ఫీజు కట్టేశారు. నెలకు 750 వడ్డీకే పోతోంది, అసలు అలాగే ఉంది. ఆయన జీతం 11,000. నేను ‘చూద్దాం’ అన్నందుకు నాలుగు నెలల్లో 3,000 ఆయన కట్టారు. ఇద్దరం వెళ్లి ఆ అప్పు తీర్చాం. ‘నెలకు వెయ్యి చొప్పున ఇచ్చేస్తాను సార్’ అన్నారు. వద్దన్నాను. ఆయనకు అది నచ్చలేదని ముఖంలో కనిపించింది. డోర్నకల్ పెద్దమ్మ రాసిన ‘ఇచ్చే గౌరవం’ అప్పుడు గుర్తొచ్చింది. ఏం చేయాలో తోచక, ‘మీ అమ్మాయి ఉద్యోగంలో చేరాక ఇంకో అమ్మాయి ఫీజు కట్టమనండి’ అన్నాను. దానికి ఒప్పుకున్నారు. జూన్‌లో ఎందుకు ఇవ్వలేదో చెప్పి క్షమాపణ అడిగాను. ఆయన ‘ఫర్వాలేదు సార్’ అన్నారు. నిజంగా ఫర్వాలేదో లేదో నాకు తెలియదు.

భయం పోయిందా అంటే పోలేదు. నిన్న ఆఫీసులో లేఆఫ్‌ల మాట వచ్చింది. రాత్రి రెండు దాకా నిద్ర పట్టలేదు. ‘నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను’ అన్న మాట హెబ్రీ పత్రికలో ధనాపేక్ష వద్దన్న వాక్యంలోనే ఉందని ఇన్నేళ్లలో గమనించలేదు. అది చదువుకుంటూ పడుకున్నాను.

కువైట్ డ్రైవర్:
అన్నా, నాకూ అదే వాక్యం. మార్చి 9కి టికెట్ తీసుకున్నాను. ఊళ్లో ఆటో నడుపుకుందామని ఉంది. ప్రార్థన చేయండి.

కోనసీమ నుంచి:
మాస్టారి మాట అమ్మకు చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. రెండుసార్లు చదివాను.

మియాపూర్ బ్రదర్:
ఒంగోలు చెల్లెమ్మా, ఒక చిన్న సందేహం. మా పిల్లలు బియ్యం డబ్బా పెట్టాలని పట్టుబట్టారు. మా దగ్గర ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది, పెద్దవాడు దాని మీద ‘దేవుని గుప్పెడు’ అని స్కెచ్‌పెన్‌తో రాశాడు. పురుగు పట్టకుండా మీ అమ్మమ్మ అందులో ఏం వేసేవారు?

ఒంగోలు మనవరాలు:
ఇంటి బియ్యంలో ఎండిన వేపాకు వేసేది అన్నా. ఆ డబ్బాలో మాత్రం ఏమీ వేసేది కాదు. ప్రతి ఆదివారం ఖాళీ అయిపోయేది.